165 గెలుపుల ముడి: శాండీ కోఫాక్స్ ఎడమ చెయ్యి ఎవరి సొమ్ము?

అమెరికా బేస్‌బాల్ మేజర్ లీగ్స్‌లో 300 గెలుపులు అందుకున్న పుర్రచేతి పిచర్లు మొత్తం ఆరుగురే. వారెన్ స్పాన్ 363, స్టీవ్ కార్ల్‌టన్ 329, ఎడ్డీ ప్లాంక్ 326, టామ్ గ్లావిన్ 305, రాండీ జాన్సన్ 303, లెఫ్టీ గ్రోవ్ సరిగ్గా 300. ఈ లిస్టులో శాండీ కోఫాక్స్ లేడు. అతనివి 165. స్పాన్ గెలుపుల్లో సగం కూడా కాదు. అయినా ఎడమచేతి పిచర్లలో గొప్పవాడెవరు అనే చర్చ ఎప్పుడు మొదలైనా మొదటి రెండు నిమిషాల్లోనే కోఫాక్స్ పేరు వచ్చేస్తుంది, వచ్చిందంటే చర్చ కాస్తా గొడవ అవుతుంది. సగం మంది అతన్ని దేవుడంటారు, మిగతా సగం "ఆరేళ్ల ముచ్చటేగా, అదీ పిచర్లకి అన్నీ కలిసొచ్చిన రోజుల్లో" అంటారు. ఈ రెండు మాటల్లోనూ నిజం ఉంది, అందుకే ముడి విప్పడం కష్టం.

ముందు క్రికెట్ కళ్లతో చూసేవాళ్ల కోసం రెండు ముక్కలు. బేస్‌బాల్‌లో టీమ్ గెలుపు, ఓటమి ఆ ఆట వేసిన పిచర్ ఖాతాలో కూడా రాస్తారు. పిచర్ అంటే మన బౌలరే, కాకపోతే పరిగెత్తుకుంటూ రాడు, మౌండ్ అనే చిన్న మట్టిదిబ్బ మీద నిలబడి అక్కడినుంచే విసురుతాడు, దూరం 60 అడుగుల 6 అంగుళాలు, అంటే మన పిచ్ కంటే కొంచెం తక్కువ. బంతి నేలకి తగలదు. మోచెయ్యి వంచకూడదన్న నియమం లేదు, అసలు ఆ వంపులోనే వేగమంతా ఉంది, కోఫాక్స్ కష్టాలన్నీ కూడా అక్కడినుంచే వచ్చాయి. సరైన చోట వేసిన బంతి స్ట్రైక్, బయటికి పోతే బాల్. మూడు స్ట్రైకులైతే బ్యాటర్ ఔట్, దాన్నే స్ట్రైకౌట్ అంటారు, నాలుగు బాల్స్ పడితే అతను ఊరికే ఫస్ట్ బేస్‌కి (పరుగు కోసం చుట్టి రావాల్సిన మజిలీల్లో మొదటిదానికి) నడిచి వెళ్లిపోతాడు, అది వాక్. కొట్టిన బంతితో బ్యాటర్ క్షేమంగా బేస్ చేరితే అది హిట్. ఇక ఈఆర్ఏ అనేది మన బౌలింగ్ యావరేజ్‌కి దూరపు చుట్టం: ఫీల్డర్ల తప్పులు తీసేసి, తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఈ పిచర్ ఇచ్చిన పరుగులు ఎన్ని అని చూస్తారు. ఇక్కడ ఇన్నింగ్స్ అంటే మూడు ఔట్లే, ఒక ఆటకి అలాంటివి తొమ్మిది. మూడుకి కిందుంటే చాలా బాగున్నట్టు. రెండుకి కిందుంటే ఆ ఏడాది అతని గురించే మాట్లాడుకుంటారు.

పుర్రచేతి వాటానికి ఎందుకంత గిరాకీ అంటే, ఒకటి, వాళ్లు తక్కువ. రెండు, ఎడమచేతి బ్యాటర్లకి వాళ్ల బంతి ఒంటికి దూరంగా జరుగుతూ పోతుంది. మూడోది చిన్నగా కనిపించే పెద్ద విషయం: విసరడానికి సిద్ధంగా నిలబడినప్పుడు ఎడమచేతివాడి ముఖం ఫస్ట్ బేస్ వైపే ఉంటుంది, కాబట్టి అక్కడున్న రన్నర్ రెండో బేస్ దొంగిలించాలంటే, అంటే ఎవరూ బంతి కొట్టకుండానే అక్కడికి పరిగెత్తాలంటే, భయపడి చస్తాడు. అందుకే ఎడమ చేత్తో కాస్త గట్టిగా విసిరే కుర్రాడు దొరికితే క్లబ్బులు ఎగబడతాయి. 1954లో బ్రూక్లిన్‌లో అలా దొరికినవాడే కోఫాక్స్.

అతను 1935 డిసెంబర్ 30న పుట్టింది కూడా బ్రూక్లిన్‌లోనే, ఒక యూదు కుటుంబంలో. కోఫాక్స్ అనేది మారుతండ్రి ఇంటిపేరు. స్కూల్లో అతని ఆట బాస్కెట్‌బాల్, సిన్సినాటి యూనివర్సిటీకి వెళ్లిందీ బాస్కెట్‌బాల్ ఆడటానికే, బేస్‌బాల్ పక్కవాద్యం. అలాంటివాణ్ణి బ్రూక్లిన్ డాడ్జర్స్ 14,000 డాలర్ల బోనస్, 6,000 డాలర్ల జీతం ఇచ్చి తీసుకుంది.

ఇక్కడే మొదటి ముడి. అప్పట్లో ఒక నియమం ఉండేది. కొత్త కుర్రాడికి 4,000 డాలర్లకి మించి ముట్టజెబితే, రెండు సీజన్లపాటు అతన్ని కింది లీగ్‌లకి పంపకూడదు, మెయిన్ టీమ్‌లోనే ఉంచుకోవాలి. డబ్బున్న క్లబ్బులు కుర్రాళ్లందరినీ కొనేసి గోదాంలో పడేసుకోకుండా ఓనర్లు తమ మీద తామే వేసుకున్న కళ్లెం అది. కళ్లెం పడింది మాత్రం కుర్రాళ్ల నోటికి. రంజీ ముఖమే చూడని పందొమ్మిదేళ్లవాణ్ణి తెచ్చి టీమిండియా డ్రెస్సింగ్ రూమ్‌లో రెండేళ్లు కూర్చోబెట్టి మంచినీళ్లు మోయించినట్టు. అతనికి చోటు ఇవ్వడానికి 1955లో ఇంకో ఎడమచేతి పిచర్‌ని కిందికి పంపారు. అతని పేరు టామీ లసోర్డా. తర్వాతి కాలంలో అదే డాడ్జర్స్‌కి మేనేజరై (మన కోచ్ లాంటివాడు) రెండు వరల్డ్ సిరీస్‌లు, అంటే సీజన్ చివర కప్పు కోసం జరిగే ఫైనల్స్, గెలిపించాడు. నన్ను టీమ్‌లోంచి తప్పించడానికి కోఫాక్స్ అంతటివాడు కావలసి వచ్చిందని బతికినంతకాలం జోకులేశాడు.

మొదటి రెండేళ్లలో కోఫాక్స్ విసిరింది మొత్తం వంద ఇన్నింగ్స్. 1955 ఆగస్టు 27న సిన్సినాటి మీద రెండే హిట్లు ఇచ్చి 14 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అయినా వరసగా అవకాశాలు రాలేదు. ఆ ఏడాది డాడ్జర్స్ వరల్డ్ సిరీస్ గెలిచింది, అందులో ఇతను ఒక్క బంతి కూడా వెయ్యలేదు. మేనేజర్ వాల్టర్ ఆల్‌స్టన్‌ని పూర్తిగా తప్పుపట్టలేం, కప్పు కోసం కొట్లాడుతున్న టీమ్‌లో ఎటు పోతుందో తెలియని బంతిని ఎవరు నమ్ముతారు? కానీ కంట్రోల్ రావాలంటే వెయ్యాలి, వెయ్యాలంటే కంట్రోల్ ఉండాలి. పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్లవదు. ఈ సామెత కోఫాక్స్ కోసమే పుట్టినట్టుంటుంది.

1958లో టీమ్ లాస్ ఏంజెలిస్‌కి మారిపోయింది. ఆ ఏడాది 158 ఇన్నింగ్స్‌లో 105 వాకులు. 1959 ఆగస్టు 31న జెయింట్స్ మీద ఒక్క ఆటలో 18 స్ట్రైకౌట్లు చేసి బాబ్ ఫెల్లర్ రికార్డుని సమం చేశాడు, అదే ఏడాది వరల్డ్ సిరీస్ ఐదో ఆటలో 92 వేలమందికి పైగా జనం ముందు 1-0తో ఓడాడు. మెరుపులు ఉన్నాయి, వానే లేదు. ఆరేళ్లు గడిచేసరికి గెలుపులు 36, ఓటములు 40. 1960 సీజన్ అయిపోయాక విసుగొచ్చి తన గ్లవ్, బూట్లు చెత్తబుట్టలో పడేశాడు. క్లబ్‌హౌస్ చూసుకునే నోబ్ కవానో వాటిని తీసి దాచిపెట్టి, తర్వాతి వసంతంలో తిరిగొచ్చినవాడి చేతిలో పెట్టాడు.

తర్వాత జరిగినదాన్ని మామూలుగా అద్భుతంలా చెప్తారు. 1961 వసంతంలో ఫ్లోరిడాలో ఒక ప్రాక్టీస్ మ్యాచ్. మామూలుగానే కోఫాక్స్ వరసగా బాల్స్ వేస్తున్నాడు. క్యాచర్ (మన వికెట్‌కీపర్ లాంటివాడు) నార్మ్ షెర్రీ దగ్గరికొచ్చి, ఇంత బలం పెట్టొద్దు, కాస్త వదులుగా వెయ్యి, వాళ్లని కొట్టనీ అన్నాడు. కోఫాక్స్ విన్నాడు. ఏడు ఇన్నింగ్స్ హిట్ లేకుండా వేశాడు. అంతే, దేవుడు ప్రత్యక్షమయ్యాడు అన్నట్టుగా కథ అక్కడ ఆగిపోతుంది.

నాకు ఈ కథ ఇష్టమే, కానీ చాలా దాచేస్తుంది. జరిగిందేమిటంటే, అప్పటిదాకా ఒళ్లంతా బిగబట్టి వెనక్కి ఎంత వంగేవాడంటే విసిరే క్షణంలో క్యాచర్ గ్లవ్ కళ్లకి సరిగ్గా ఆనేదే కాదు. గురి కనపడనివాడికి కంట్రోల్ ఎక్కణ్ణుంచి వస్తుంది? బిగువు సడలించేసరికి తల నిలబడింది, చెయ్యి ప్రతిసారీ ఒకే చోట బంతిని వదలడం మొదలుపెట్టింది, వేగం ఎక్కడికీ పోలేదు. క్లబ్ లెక్కలు చూసే అలన్ రాత్ కూడా మొదటి బంతి స్ట్రైక్ పడితే ఏం జరుగుతోందో, పడకపోతే ఏం జరుగుతోందో అంకెలతో చూపించాడు. అన్నిటికంటే ముఖ్యం, 1958 నుంచి అతనికి ఏడాదికి 150 ఇన్నింగ్స్ పైనే దొరుకుతున్నాయి. కింది లీగ్‌లో 19, 20 ఏళ్లకి దొరకాల్సిన అనుభవం ఇక్కడ 22 నుంచి 24 మధ్యలో దొరికింది, అదీ జనం ముందు తిట్లు తింటూ. షెర్రీ మాట అగ్గిపుల్ల, ఒప్పుకుంటాను. కట్టెలు అప్పటికే ఎండి ఉన్నాయి.

ఇక 1961 నుంచి 1966 దాకా 129 గెలుపులు, 47 ఓటములు. 1961లో 269 స్ట్రైకౌట్లతో 1903 నాటి క్రిస్టీ మాథ్యూసన్ నేషనల్ లీగ్ రికార్డు పోయింది. 1962 నుంచి వరసగా ఐదేళ్లు లీగ్‌లో అతి తక్కువ ఈఆర్ఏ అతనిదే. 1963లో 25-5, ఈఆర్ఏ 1.88, స్ట్రైకౌట్లు 306, పరుగే ఇవ్వకుండా ముగించిన ఆటలు 11. ఆ ఏడాది 311 ఇన్నింగ్స్‌లో వాకులు 58. ఐదేళ్ల కింద 158 ఇన్నింగ్స్‌లో 105 ఇచ్చినవాడు! వరల్డ్ సిరీస్ మొదటి ఆటలో న్యూయార్క్ యాంకీస్‌ని వాళ్ల గ్రౌండ్‌లోనే 15 మందిని స్ట్రైకౌట్ చేసి పంపాడు, సిరీస్ 4-0. ఇతను ఏడాదిలో 25 ఎలా గెలిచాడో అర్థమైంది, ఐదు ఎలా ఓడాడో అర్థం కావట్లేదు అని యాంకీస్ క్యాచర్ యోగీ బెర్రా అన్నమాట ఇప్పటికీ చెప్పుకుంటారు. నాలుగేళ్లలో నాలుగు నో-హిట్టర్లు, అంటే ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆటలు, నాలుగోది 1965 సెప్టెంబర్ 9న షికాగో కబ్స్ మీద పర్ఫెక్ట్ గేమ్, అంటే 27 మంది వచ్చారు, 27 మందీ వెనక్కి పోయారు, ఒక్కడు కూడా ఫస్ట్ బేస్ చేరలేదు. చివరి ఆరుగురూ స్ట్రైకౌట్. పాపం అవతల బాబ్ హెండ్లీ ఆ రోజు ఇచ్చింది ఒకే ఒక్క హిట్, డాడ్జర్స్ చేసిన ఒక్క పరుగుకీ ఆ హిట్‌కీ సంబంధం లేదు, వాకు, బంట్ (బంతిని బ్యాట్‌తో మెల్లగా తాకించి వదలడం), దొంగిలించిన బేస్, క్యాచర్ తప్పు విసురుతో వచ్చింది. అలాంటి రాత్రి అవతలి టీమ్‌లో పుట్టడం కన్నా దురదృష్టం ఉండదు.

ఇన్ని చేసినవాడి దగ్గరున్నవి ముఖ్యంగా రెండే బంతులు. ఒకటి ఫాస్ట్‌బాల్, రెండోది పైనుంచి కిందికి నిట్టనిలువుగా పడిపోయే కర్వ్. కుడిచేతి బ్యాటర్‌కైనా ఎడమచేతి బ్యాటర్‌కైనా ఆ పాటు ఒకటే, అందుకే మామూలు లెఫ్టీల్లా ఒక రకం బ్యాటర్ల మీద మాత్రమే పనిచేసేవాడు కాదు. రన్నర్లు ఉన్నప్పుడు చేతులు పట్టుకునే తీరుని బట్టి ఏ బంతి వస్తుందో బ్యాటర్లకి ముందే తెలిసిపోయేదట. తెలిసీ కొట్టలేకపోయారు.

సరే, ఇప్పుడు రెండో సగం మంది వాదన విందాం. 1962లో కొత్త డాడ్జర్ స్టేడియం తెరిచారు, అది పిచర్లకి స్వర్గం. అక్కడ కోఫాక్స్ మొత్తం రికార్డు 57-15, ఈఆర్ఏ 1.37. అవే ఏళ్లలో బయట గ్రౌండ్లలో అతని ఈఆర్ఏ దానికంటే ఒక పరుగు పైచిలుకు ఎక్కువ. 1963లో లీగ్ స్ట్రైక్ జోన్‌ని, అంటే బంతి పడితే స్ట్రైక్ అనే ఆ "సరైన చోటు"ని, పెద్దది చేసింది, భుజాల పైదాకా. మౌండ్ ఎత్తు అప్పుడు 15 అంగుళాలు. 1968లో బ్యాటింగ్ మరీ చచ్చిపోయేసరికి 1969లో దాన్ని 10 అంగుళాలకి తగ్గించారు, జోన్ కూడా చిన్నది చేశారు. అంటే కోఫాక్స్ మంచి ఏళ్లలో నాలుగు అచ్చంగా ఆ సువర్ణయుగంలో పడ్డాయి. ఇదంతా నిజమే. కాబట్టి 1966లో అతని ఈఆర్ఏ 1.73ని చూసి ఇవాళ్టి పిచర్ ఈఆర్ఏతో నేరుగా పోల్చకూడదు.

కానీ ఆ దిబ్బ, ఆ జోన్ అందరికీ ఒకటే. అదే స్టేడియంలో, అదే టీమ్‌లో డాన్ డ్రైస్‌డేల్ ఉన్నాడు, అతనూ హాల్ ఆఫ్ ఫేమ్ (బేస్‌బాల్ మహామహుల గౌరవ జాబితా) పిచరే, ఈ అంకెల దరిదాపులకి రాలేదు. బయట గ్రౌండ్లలోని లెక్క తీసుకున్నా ఆ కాలపు మంచి పిచర్ల పక్కన హాయిగా నిలబడుతుంది. పైగా వరల్డ్ సిరీస్‌లలో 57 ఇన్నింగ్స్‌కి ఈఆర్ఏ 0.95, అవన్నీ ఇంట్లో ఆడినవి కావు. ఏ తగ్గింపు వేసి చూసినా 1963, 1965, 1966 మూడేళ్లూ అలాగే మిగులుతాయి. నాకైతే తగ్గింపు వెయ్యాల్సింది "దేవుడు" అనే మాటకే, పిచర్‌కి కాదు.

అసలు ముడి చివర్లో ఉంది. 30 ఏళ్లకే ఎందుకు ఆపేశాడు?

1964 ఆగస్టులో రెండో బేస్‌కి వెనక్కి దూకి మోచేతి మీద పడ్డాడు. కొన్నాళ్లకి ఒకరోజు పొద్దున లేచేసరికి చెయ్యి నిలువునా వాచిపోయి ఉంది. డాక్టర్ రాబర్ట్ కెర్లన్ చూసి ఆర్థ్రైటిస్ అన్నాడు, కీలు అరిగిపోతోంది, అది తిరిగి రాదు. 1965 వసంతంలో మోచేతి నుంచి చంక దాకా నల్లగా కమిలిపోయింది. వారానికి ఒక్క ఆటే వేయిద్దాం అనుకున్నారు. ఆ అనుకున్న ఏడాది అతను మొదలుపెట్టిన ఆటలు 41, విసిరిన ఇన్నింగ్స్ 335. ఇన్నింగ్స్‌కి ఓ 15 బంతులు వేసుకున్నా ఐదు వేల బంతులు, మన లెక్కలో 800 ఓవర్లు పైనే, ఆరు నెలల్లో, ప్రతి బంతీ పూర్తి బలంతో. ఇవాళ ఒక పిచర్ ఏడాదికి 200 ఇన్నింగ్స్ వేస్తే ఆహా అంటున్నారు.

దానికి ఇంధనం ఏమిటో వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. మోచేతి కీల్లోకే కార్టిజోన్ ఇంజెక్షన్లు. నొప్పికి కోడీన్. వాపుకి బ్యూటాజోలిడిన్, ఇది రేసు గుర్రాలకి కూడా ఇచ్చే మందు. ఆటకి ముందు కాప్సోలిన్ అనే లేపనం, మిరపకాయకి మంట ఇచ్చే పదార్థంతో చేసింది, మిరపకోతకి వెళ్లొచ్చిన చేత్తో కళ్లు నలుపుకున్నవాళ్లకి అది ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆట అయ్యాక మోచెయ్యి ఐసు నీళ్లలో. ఎడమ చెయ్యి నిటారుగా చాచడం కుదరక, కోట్ల ఎడమ చేతిని దర్జీతో పొట్టిగా చేయించుకున్నాడు. ఆ చేత్తోనే 1965లో 382 స్ట్రైకౌట్లు. ఆ రికార్డుని 1973లో నోలన్ రయన్ దాటింది ఒకే ఒక్కటి ఎక్కువతో.

ఆ ఏడాది వరల్డ్ సిరీస్ మొదటి ఆట అక్టోబర్ 6న పడింది. అది యోమ్ కిప్పూర్, యూదులకి అన్నిటికన్నా పవిత్రమైన ఉపవాస దినం. కోఫాక్స్ ఆడనన్నాడు. అమెరికా యూదులు అరవై ఏళ్లుగా చెప్పుకుంటున్న కథ ఇది, మతం గురించి ఎప్పుడూ పెద్దగా మాట్లాడని మనిషి చేశాడు కాబట్టి ఇంకా ఎక్కువ చెప్పుకుంటారు. అతని బదులు వేసిన డ్రైస్‌డేల్ మిన్నెసోటా చేతిలో చిత్తుగా తిన్నాడు, 8-2. బంతి తీసుకోవడానికి మేనేజర్ వస్తే, నేను కూడా యూదుణ్ణయితే బాగుండేదనిపిస్తోంది కదా అన్నాడట. నాకు ఈ కథలో భక్తి కంటే ఇంకోటి కనిపిస్తుంది. 19 ఏళ్లప్పటి నుంచి ఆ చెయ్యి ఎప్పుడు ఆడాలో, ఎప్పుడు కూర్చోవాలో నియమమో మేనేజరో చెప్తూ వచ్చారు. ఈ ఒక్కరోజు దాని యజమాని చెప్పాడు.

తర్వాత అతను రెండో ఆట ఓడాడు, ఐదోది 7-0తో గెలిచాడు, రెండే రోజుల విశ్రాంతితో ఏడోది వేశాడు. ఆ రోజు కర్వ్ లొంగలేదు. దాదాపుగా ఫాస్ట్‌బాల్ ఒక్కదానితోనే మూడు హిట్లిచ్చి 2-0తో కప్పు తెచ్చాడు.

మరి జీతం? 1965లో 85,000 డాలర్లు. డ్రైస్‌డేల్‌ది 80,000. జీతాల బేరం వచ్చినప్పుడు జనరల్ మేనేజర్ బజ్జీ బవాసీ ఒకడి దగ్గర "అవతలివాడు నీకంటే తక్కువే అడుగుతున్నాడే" అని, రెండోవాడి దగ్గరా అదే పాట పాడేవాడని ఇద్దరూ భోజనాల దగ్గర కలిసినప్పుడు బయటపడింది. కాంట్రాక్ట్ అయిపోయినా ఆటగాడు ఆ క్లబ్ సొత్తే అనే నిబంధన అప్పుడు నడుస్తోంది, ఇంకో క్లబ్‌కి పోవడానికి వీల్లేదు, ఇంట్లో కూర్చోవడం ఒక్కటే దారి. 1966 వసంతంలో ఇద్దరూ కలిసి కూర్చున్నారు. మూడేళ్లకి ఇద్దరికీ కలిపి పది లక్షల డాలర్లు అడిగారు, మాట్లాడటానికి లాయర్‌ని పెట్టారు. ఆటగాడికి లాయరేమిటి అని ఓనర్లు మండిపడ్డారు. నెల రోజులకి పైగా నడిచి, కోఫాక్స్‌కి 125,000, డ్రైస్‌డేల్‌కి 110,000 దగ్గర రాజీ అయింది, అదీ ఏడాదికే. అడిగినది రాలేదు. కానీ ఇద్దరు కలిస్తేనే ఇంత కదిలింది, అందరూ కలిస్తే ఎలా ఉంటుందో మిగతా ఆటగాళ్లు చూశారు. అదే ఏడాది మార్విన్ మిల్లర్ ఆటగాళ్ల యూనియన్ పగ్గాలు పట్టాడు, 1975 ముగిసేసరికి ఆ సొత్తు నిబంధన కూలిపోయింది.

కోఫాక్స్ మాత్రం అప్పటిదాకా లేడు. ఇది తన ఆఖరి ఏడాది అని ముందే ఒక విలేకరికి చెప్పి, రాయొద్దని మాట తీసుకున్నాడు. మళ్లీ 41 ఆటలు, 323 ఇన్నింగ్స్, 27-9, ఈఆర్ఏ 1.73. 1966 నవంబర్ 18న ప్రకటించాడు. బేస్‌బాల్ తర్వాత బతకాల్సిన ఏళ్లు చాలా ఉన్నాయని, వాటిని ఒళ్లంతా సరిగ్గా పనిచేస్తుండగా బతకాలని ఉందని అన్నాడు. అప్పటికి అతనికి ఇంకా 31 నిండలేదు, ఏడాదిలో మేటి పిచర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డుని మూడోసారి అందుకున్న ఏడాది అది, మూడుసార్లూ ఏకగ్రీవంగా. 1972లో 36 ఏళ్లకే హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎన్నికయ్యాడు, అంత చిన్న వయసులో ఇంకెవరూ ఎన్నిక కాలేదు.

1974లో డాడ్జర్స్‌లోనే ఇంకో ఎడమచేతి పిచర్‌కి మోచేతి లిగమెంట్ తెగింది. పేరు టామీ జాన్. కెర్లన్‌తో కలిసి పనిచేసే డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అతని కుడి చేతినుంచి ఒక నరంలాంటి పోగు తీసి ఎడమ మోచేతిలో కట్టాడు, అంతకుముందు పిచర్‌కి ఎవరూ చెయ్యని ఆపరేషన్ అది, ఇప్పుడు దానికి ఆ పిచర్ పేరే. కోఫాక్స్ రోగం వేరు, అరిగిన కీలుకి ఆ ఆపరేషన్ మందు కాదు, కాబట్టి పదేళ్ల ముందే వచ్చుంటేనా అని నేను అనను. టామీ జాన్ ఏడాదిన్నర తర్వాత తిరిగొచ్చి 46 ఏళ్లదాకా ఆడాడు. ఆపరేషన్ తర్వాత అతను గెలిచిన ఆటలు 164, కోఫాక్స్ జీవితం మొత్తానికి ఒకటి తక్కువ.